ఉప్పుగాలి ఊళ్లో పాత బండి ముందు ఫోర్కు

(విశాఖపట్నంలో పాత మోటారు సైకిళ్లను నడిపేవారు, బాగుచేసేవారు కలుసుకున్న సందర్భంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది పాత మోటారు సైకిల్ ముందు ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల అమరికను, పూర్తిగా విప్పి, కొలిచి, బాగుచేసి, మళ్లీ కట్టడం గురించి. ఇక్కడ బుల్లెట్ ఉన్నవారు ఉన్నారు, యెజ్డీ ఉన్నవారు ఉన్నారు, ఆర్‌ఎక్స్ 100ను ప్రాణంతో సమానంగా చూసుకునేవారూ ఉన్నారు. బండి ఏదైనా సరే, మనందరికీ ఎదురైన సంగతి ఒకటుంది. ఒక రోజు పొద్దున ఫోర్క్ పైపు మీద నూనె చార కనిపిస్తుంది. మెకానిక్ దగ్గరకు తీసుకువెళతాం. ఆయన సీల్, అంటే నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం, పోయిందని చెప్పి కొత్తది వేస్తాడు. ఒక వానాకాలం గడిచేసరికి మళ్లీ అదే చార. మళ్లీ సీల్. అప్పుడు మనం సీల్ నాసిరకమని తీర్మానించి, ఇంకో కంపెనీ సీల్ కొంటాం. అసలు ఆ సీల్ ఎందుకు పోయిందని మనం ఎప్పుడైనా అడిగామా?

నేను చెప్పదలచుకున్నది అదే. సీల్ తనంతట తాను పోవడం తక్కువ, పైపు దానిని కోసేయడం ఎక్కువ. అందులోనూ సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లో ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి ఫోర్కును బాగుచేయడమంటే సీల్ మార్చడం కాదు. రెండు పైపులూ నునుపుగా, నిటారుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండేటట్టు చేయడం. అవి మూడూ కుదిరితే సీల్ తన పని తాను చేసుకుంటుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన సీల్ వేసినా నిలవదు.

ముందుగా వయసు సంగతి చూద్దాం. నూనెతో ఊగును అణచే టెలిస్కోపిక్ ఫోర్కును, అంటే ఒక గొట్టం ఇంకొక గొట్టంలో జారే ఫోర్కును, కంపెనీ తయారీ బండ్లకు తెచ్చినది బీఎండబ్ల్యూ, 1935లో, ఆర్12 బండి మీద. అంతకుముందు ఎక్కువ బండ్లకు ఉండేది గర్డర్ ఫోర్కు, అంటే లింకుల మీద కదిలే చట్రం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మ్యాచ్‌లెస్ సైనిక బండ్లకు కూడా ఈ కొత్త పద్ధతి వచ్చింది. యుద్ధం ముగిశాక దాదాపు అందరూ దీనికే మారారు. మన దేశంలో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది, 1960ల తొలినాళ్లలో మైసూరులో జావా మొదలైంది, 1985లో ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. దీని అర్థమేమిటి? మన దగ్గరున్న అన్నిటిలోకీ వయసులో చిన్నదనుకునే ఆర్‌ఎక్స్ పైపు మీది పూతకు కూడా ముప్పై ఏళ్లు నిండవస్తున్నాయి. పాత బుల్లెట్‌కు, జావాకు అయితే అరవై ఏళ్లు దాటి ఉండవచ్చు. అన్నేళ్లు ఈ ఉప్పుగాలిలో నిలబడిన ఇనుము గురించి మనం మాట్లాడుకుంటున్నాం.

ఇక లోపల ఏముంటుంది? ఎక్కువ జపాన్ పద్ధతి బండ్లలో ఉండే అమరిక చెబుతాను. మిగిలినవాటికి వివరాలు మారతాయి కానీ సూత్రం మారదు. పైన రెండు టీ పట్టీలు, అంటే హ్యాండిల్ కింద రెండు కాళ్లనూ కలిపి పట్టే అడ్డ పట్టీలు, బిగించి పట్టుకున్నది ఉక్కు పైపు. దాని మీద పైకీ కిందికీ జారేది అల్యూమినియం బాటమ్. చక్రం ఇరుసు ఉండేది ఈ బాటమ్‌కే. పైపు లోపల స్ప్రింగు, దాని కింద డ్యాంపర్ రాడ్ ఉంటాయి. అది బాటమ్ అడుగున ఒక అలెన్ బోల్ట్‌తో బిగించి ఉంటుంది. లోపల కొంత నూనె, నూనె పైన కొంత గాలి. బాటమ్ పై అంచులో ఆయిల్ సీల్, దాని పైన సీల్‌ను కదలకుండా పట్టే సర్‌క్లిప్, ఆ పైన దుమ్మును ఆపే డస్ట్ సీల్. కొన్ని బండ్లలో పైపుకూ బాటమ్‌కూ మధ్య బుష్‌లు, అంటే రాపిడిని భరించే లోహపు తొడుగులు, ఉంటాయి. పాత బ్రిటిష్ బండ్లలో అవి కంచువి. కొన్ని చిన్న జపాన్ బండ్లలో బుష్‌లే ఉండవు, అల్యూమినియం బాటమే బుష్ పని చేస్తుంది. అది అరిగితే బాటమ్ మార్చడం తప్ప దారి లేదు. కాబట్టి విప్పేముందే బాటమ్‌ను ముందుకూ వెనక్కూ ఊపి, ఎంత ఆట ఉందో చేతితో చూడండి.

స్ప్రింగు దెబ్బను తీసుకుంటుంది, నూనె ఆ దెబ్బను అణుస్తుంది. ఈ తేడా మనసులో నిలుపుకోవాలి. నూనె లేని ఫోర్కు కూడా గుంతలో దిగుతుంది, కానీ దిగిన తరువాత పైకి లేస్తుంది, మళ్లీ దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ ఊగులో చక్రం నేలను విడిచిన ప్రతి క్షణమూ ముందు బ్రేకు పనిచేయని క్షణమే. నూనె డ్యాంపర్ రాడ్‌లోని సన్నని రంధ్రాల గుండా పోవలసి రావడం వల్ల ఆ కదలిక శక్తి వేడిగా మారిపోతుంది. ఫోర్కు దిగేటప్పుడు నూనె పోయే రంధ్రాలు కొంచెం పెద్దవి, లేచేటప్పుడు పోయేవి చిన్నవి. ఎందుకంటే లేచేటప్పుడు స్ప్రింగు తోపు కూడా తోడవుతుంది కాబట్టి దానిని ఎక్కువగా అణచాలి.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను, దయచేసి శ్రద్ధగా వినండి. రంధ్రం గుండా నూనెను వేగంగా తోసినప్పుడు వచ్చే నిరోధం వేగంతో సమానంగా పెరగదు, దాదాపుగా వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపయితే నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందువల్లనే ఈ తరహా ఫోర్కు మెల్లగా దిగే స్పీడ్ బ్రేకరు దగ్గర మెత్తగా కుంగుతుంది, చుర్రుమని తగిలే గుంత అంచు దగ్గర గట్టిగా కొడుతుంది. ఇది దాని పుట్టుక లక్షణం, లోపం కాదు. మరి మనం ఏం చేస్తాం? కుంగుతోందని చిక్కని నూనె పోస్తాం. అప్పుడు కుంగడం కొంచెం తగ్గుతుంది, గుంతలో కొట్టడం చాలా పెరుగుతుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి, కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, దెబ్బతింటుంది. బ్రేకు వేయగానే ముక్కు కుంగుతోందంటే ముందుగా చూడవలసింది స్ప్రింగు పొడవును. ఏళ్ల తరబడి బరువు మోసిన స్ప్రింగు పొట్టిదవుతుంది. మాన్యువల్‌లో ఇచ్చిన కనీస పొడవు కంటే తగ్గితే రెండిటినీ కలిపి మార్చండి. ఒక్కదానిని ఎప్పుడూ మార్చకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. పైపు మీద మెరిసేది హార్డ్ క్రోమ్. మందం మైక్రాన్లలో చెబుతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సాధారణంగా ఈ పూత కొన్ని పదుల మైక్రాన్ల మందం ఉంటుంది. చూడటానికి అద్దంలా ఉంటుంది కదా? కానీ భూతద్దం కింద చూస్తే హార్డ్ క్రోమ్ నిండా సన్నని పగుళ్ల వల కనిపిస్తుంది. పూత పూసేటప్పుడే ఆ పగుళ్లు పుడతాయి. మామూలుగా వాటివల్ల నష్టం లేదు, నూనెను కొంచెం పట్టి ఉంచుతాయి కూడా. కానీ ఉప్పు తడి వాటిలోకి దిగితే? ఉప్పులోని క్లోరైడు కింది ఉక్కు దాకా చేరుతుంది. అక్కడ తుప్పు మొదలవుతుంది. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకని పైనున్న క్రోమ్‌ను లేపుతుంది. లేచిన చోట ముందు గోధుమరంగు చుక్క, తరువాత చిన్న పొక్కు, ఆ తరువాత గుంట. గుంట అంచు బ్లేడు వంటిది. ఫోర్కు కదిలిన ప్రతిసారీ సీల్ పెదవి ఆ అంచు మీదుగా పోతుంది. ఒక్కసారి ఆర్కే బీచ్ నుంచి భీమిలి వరకు వెళ్లివస్తే ఎన్ని వేలసార్లు పోతుందో మీరే ఊహించండి.

కాబట్టి సీల్ మార్చే ముందు చేయవలసిన పని, పైపును పెట్రోలు గుడ్డతో కాదు, కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, మంచి వెలుతురులో తిప్పుతూ చూడటం, ఆ తరువాత గోరు వేసి పై నుంచి కిందికి గీయడం. గోరు ఎక్కడ ఆగిందో అక్కడ సీల్ తెగుతుంది. కంటికి కనిపించనిది కూడా గోరుకు తెలుస్తుంది. మీ గోటి మీద నమ్మకం లేకపోతే పాత నైలాన్ మేజోడు గుడ్డను చుట్టి లాగండి, దారం ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గుర్తు పెట్టండి.

అన్ని గుంటలూ ఒక్కటి కావు. ఇది చాలామంది పట్టించుకోని మాట. టీ పట్టీల మధ్య, హెడ్‌లైట్ చెవుల కింద ఉన్న గుంటలు ఎంత వికారంగా ఉన్నా సీల్ అక్కడికి ఎన్నడూ రాదు, వాటికోసం పైపును పారేయనక్కరలేదు. సీల్ నడిచే భాగమే ముఖ్యం. ఆ భాగంలో కూడా రెండు మండలాలు ఉన్నాయి. చదును రోడ్డు మీద సీల్ కొద్దిపాటి మేరలోనే పైకీ కిందికీ నడుస్తుంది. కానీ సింహాచలం కొండ దిగేటప్పుడో, అరకు ఘాట్ దిగేటప్పుడో ఏమవుతుంది? బ్రేకు మీద బ్రేకు వేస్తాం, బండి బరువు ముందుకు వస్తుంది, ఫోర్కు బాగా దిగి అక్కడే పనిచేస్తుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ సీల్ తాకని పై భాగంలోని గుంటలను ఇప్పుడు తాకుతుంది. ఊళ్లో కారని ఫోర్కు ఘాట్ దిగి వచ్చాక కారడం మొదలుపెట్టిందని మనవాళ్లు ఆశ్చర్యపోతారు. దానిలో వింత ఏమీ లేదు. పైపును పూర్తి ప్రయాణం మేర పరీక్షించాలన్నది ఇందుకే.

ఆయిల్ కారడం కేవలం బండి మురికయ్యే సంగతి అనుకోకండి. కారిన నూనె బాటమ్ వెంట దిగుతుంది. డ్రమ్ము బ్రేకయినా డిస్కు బ్రేకయినా అది చివరకు లైనింగు మీదకో ప్యాడు మీదకో చేరుతుంది. నూనె పట్టిన ముందు బ్రేకుతో కొండ దిగడం ఎంత ప్రమాదమో నేను వేరే చెప్పనక్కరలేదు. ఒకసారి నూనె ఇంకిన లైనింగును కడిగి వాడటం నాకు సమ్మతం కాదు. మార్చేయండి.

మరి గుంటలు పడిన పైపును ఏం చేయాలి? ఒకటి రెండు సన్నని గుంటలయితే, అంచులను సన్నని ఆయిల్ స్టోనుతో మొద్దుబార్చి, గుంటలో గట్టి ఎపాక్సీ నింపి, ఆరిన తరువాత 1200 నంబరు నీటి కాగితంతో, ఆ పైన 2000 నంబరుతో పైపు చుట్టూ అడ్డంగా రుద్ది సమం చేయవచ్చు. అది కొంతకాలం నడుస్తుంది. అంతకంటే ఎక్కువ ఉంటే సరైన మార్గం మళ్లీ హార్డ్ క్రోమ్ చేయించడం.

దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి: హార్డ్ క్రోమ్ వేరు, బంపర్లకూ సైలెన్సర్లకూ వేసే మెరుపు క్రోమ్ వేరు. మెరుపు క్రోమ్‌లో కింద నికెల్ పొర ఉంటుంది, పైన క్రోమ్ ఒక మైక్రాన్ కూడా ఉండదు. చూడటానికి అందంగా ఉంటుంది, సీల్ రాపిడికి నిలవదు. హార్డ్ క్రోమ్ నేరుగా ఉక్కు మీద మందంగా పూస్తారు, తరువాత గ్రైండ్ చేసి కొలతకు తెస్తారు. మీరు పైపును మామూలు ప్లేటింగ్ దుకాణంలో ఇస్తే మెరుస్తూ వస్తుంది, నెలల్లో పొరలు లేస్తుంది. ఆ పొర రేకు సీల్‌లో ఇరుక్కుంటే సీల్ ఒక్కటే కాదు, బుష్ కూడా పోతుంది.

మరి హార్డ్ క్రోమ్ ఎవరు చేస్తారు? ఇక్కడే మన ఊరి బలం ఉంది. 1933లో రేవు తెరుచుకున్న ఊరు ఇది. 1941లో ఓడల నిర్మాణశాలకు పునాది పడిన ఊరు. తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది. క్రేన్లకూ, ఓడల డెక్కు మీది యంత్రాలకూ, ప్రెస్సులకూ హైడ్రాలిక్ సిలిండర్లు ఉంటాయి. ఆ సిలిండర్లలో కదిలే రాడ్డు మీది పూత, మీ ఫోర్క్ పైపు మీది పూత ఒకే జాతివి. సిలిండర్ రాడ్లను బాగుచేసేవారికి మీ పైపు కొత్త పని కాదు. కాబట్టి బైకు దుకాణాల దగ్గర ఆగిపోకుండా, గాజువాక ఆటోనగర్ వైపో, పారిశ్రామిక వాడల్లోనో హైడ్రాలిక్ పని చేసేవారిని వాకబు చేయండి. లేత్ మీద, గ్రైండింగ్ యంత్రం మీద జీవితం గడిపిన మనిషిగా చెబుతున్నాను, మన ఊళ్లో ఆ చేతులకు కొదవ లేదు. వారిని వెతుక్కుంటూ వెళ్లేవారే తక్కువ.

వారి దగ్గరకు వెళ్లినప్పుడు ఏం అడగాలి? మొదటిది, పాత పూత పూర్తిగా తీసి, గుంటల అడుగు పోయేదాకా గ్రైండ్ చేస్తారా అని. లెక్క చూడండి. గుంట లోతు 0.1 మిల్లీమీటరు అనుకుంటే, పైపు వ్యాసం 0.2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆ మేరకు మందంగా పూసి, గ్రైండింగుకు కొంత మిగులు కూడా ఉంచాలి. గుంట మీదనే పూస్తామన్నవారి దగ్గర పని చేయించకండి, క్రోమ్ గుంటను నింపదు, గుంట ఆకారాన్నే అనుసరిస్తుంది. రెండవది, పూత పూసిన కొద్ది గంటలలోనే పైపును ఓవెన్‌లో కాలుస్తారా అని. పూత పూసే ప్రక్రియలో హైడ్రోజన్ ఉక్కులోకి చేరి, దానిని పెళుసుగా మార్చే ప్రమాదం ఉంది. సుమారు 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉంచితే ఆ హైడ్రోజన్ బయటికి పోతుంది. మీ బరువు, మీ వెనుక కూర్చున్నవారి బరువు ఆ పైపు మీద ఉంటుంది కాబట్టి ఇది అడగడానికి మొహమాటపడకండి. మూడవది, చివరి వ్యాసం ఎంత, నునుపు ఎంత అని. మైక్రోమీటరుతో మూడు నాలుగు చోట్ల మీ ఎదుటే కొలిపించండి. ఇంకొక మాట. క్రోమ్ తొట్లలోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కలిగించే పదార్థం. మురుగు నీటిని శుద్ధి చేసి వదిలే చోటనే చేయించండి, నాలుగు వందలు తక్కువని డ్రైనేజీలోకి వదిలేవారి దగ్గరకు వెళ్లకండి. ఆ నీరు చేరేది మన సముద్రంలోకే.

క్రోమ్‌కు పంపేముందు తప్పక చూడవలసింది పైపు వంపు. వంగిన పైపుకు క్రోమ్ చేయిస్తే డబ్బూ శ్రమా రెండూ వృథా. వీ ఆకారపు గాడి ఉన్న రెండు దిమ్మెల మీద, అంటే వీ బ్లాకుల మీద, పైపును పెట్టి, మధ్యలో సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్‌ను ఆనించి, మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం కదిలిన కొలతలో సగమే అసలు వంపు. చాలామంది ముల్లు చూపినదంతా వంపే అనుకుని మంచి పైపును పారేస్తారు. ఎంతవరకు అనుమతి ఉందో మీ బండి మాన్యువల్ చెబుతుంది. డయల్ గేజ్ లేకపోతే మందపాటి అద్దం పలక మీద దొర్లించి, కింది సందు నుంచి వచ్చే వెలుతురును చూడండి. మెల్లని వంపును ప్రెస్సు మీద నిపుణుడు సరిచేయగలడు. కానీ గొట్టం నొక్కుకుపోయి మడత పడిందంటే, ఆ పైపును ఎవరూ సరిచేయకూడదు.

ఇప్పుడు విప్పే పని. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టి, ముందు చక్రం గాలిలో ఉండేటట్టు చూడండి. ఎక్కువ బండ్లలో పై టీ పట్టీ బోల్టును వదులు చేసి, కింది టీ పట్టీ పైపును పట్టి ఉండగానే పైపు పై కొనను మూసే టాప్ నట్టును ఒక పట్టు వదులు చేసుకోవాలి. పైపును బయటికి తీసిన తరువాత దానిని వదులు చేయాలంటే వైసులో పెట్టవలసి వస్తుంది, వైసు పళ్లు క్రోమ్ మీద పడతాయి. టాప్ నట్టు కింద స్ప్రింగు బలంగా తోస్తూ ఉంటుందని మరవకండి. చివరి చుట్లు తిప్పేటప్పుడు మీ ముఖం దాని పైన ఉండకూడదు. నూనెను ఒక గాజు సీసాలోకి వంపి చూడండి. బూడిదరంగుగా, మెరుపు రజనుతో ఉంటే అల్యూమినియం అరుగుతోంది. పాలలా ఉంటే నీరు చేరింది. ఈ చూపు ఒక్కటే సగం రోగనిర్ణయం చేస్తుంది.

అడుగున ఉన్న అలెన్ బోల్టు చాలామందిని విసిగిస్తుంది, ఎందుకంటే బోల్టుతోపాటు లోపలి డ్యాంపర్ రాడ్ కూడా తిరుగుతుంది. స్ప్రింగు ఇంకా లోపల ఉండగానే ఫోర్కును నొక్కి పట్టుకుంటే, స్ప్రింగు ఒత్తిడికి రాడ్ తిరగకుండా ఆగుతుంది. అప్పుడు బోల్టును ఒక్కసారి గట్టిగా తిప్పాలి. ఆ బోల్టు కింది వాషరును మళ్లీ వాడకండి. దాని వెల ఎంత తక్కువో, దాని గుండా కారే నూనె పెట్టే చికాకు అంత ఎక్కువ.

సీల్ తీసేటప్పుడు బాటమ్ అంచుకు గీత పడకుండా చూడాలి. కొత్త సీల్‌ను పైపు పై కొన నుంచి ఎక్కించేటప్పుడు, ఆ కొన మీద పలుచని ప్లాస్టిక్ సంచి ముక్కను చుట్టి, దానికి ఫోర్క్ నూనె రాయండి, లేకపోతే కొన అంచు సీల్ పెదవిని పుట్టుకలోనే చీలుస్తుంది. సీల్ లోపల సన్నని చుట్టు స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకు, అంటే కిందికి ఉండాలి. దిగగొట్టడానికి సరిపడే వ్యాసం గల పీవీసీ పైపు ముక్క చాలు, కానీ చుట్టూ సమంగా దిగాలి, ఒక పక్క దిగి ఇంకొక పక్క లేచి ఉంటే తీసి మళ్లీ కొత్తది వేయండి.

నూనె విషయంలో రెండే మాటలు. మొదటిది, డబ్బా మీద 10డబ్ల్యూ అనో 15డబ్ల్యూ అనో ఉన్న అంకెను గుడ్డిగా నమ్మకండి. ఒక కంపెనీ 10 ఇంకొక కంపెనీ 15కు దగ్గరగా ఉండవచ్చు. 40 డిగ్రీల వద్ద సెంటీస్టోక్స్ అని చిక్కదనం కొలత ఇస్తారు, అది పోల్చడానికి సరైనది. కొన్ని పాత బ్రిటిష్ బండ్ల మాన్యువళ్లు ఇంజన్ ఆయిలే పోయమన్న మాట నిజమే, ఆ బండ్లకు అది సరిపోతుంది. దానిని చూసి ఆర్‌ఎక్స్‌లో 20డబ్ల్యూ 40 పోయడం సరికాదు. రెండవది, నూనెను పరిమాణంతో కాక ఎత్తుతో కొలవండి. స్ప్రింగు తీసేసి, ఫోర్కును పూర్తిగా దించి, పైపు పై అంచు నుంచి నూనె మట్టం ఎంత కిందికి ఉందో స్కేలుతో చూడండి. ఎందుకు? పైనున్న గాలి కూడా ఒక స్ప్రింగే కాబట్టి. సులువు లెక్క కోసం, ఫోర్కు చాచి ఉన్నప్పుడు గాలి స్తంభం 200 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. ఫోర్కు దిగి అది 100 తగ్గితే లోపలి ఒత్తిడి రెట్టింపు. అదే నూనె ఎక్కువై గాలి స్తంభం 150 మాత్రమే ఉంటే, అంతే దిగినప్పుడు 50 మిగులుతుంది, ఒత్తిడి మూడు రెట్లు. ఒక కాలులో ఒక మట్టం, ఇంకొక కాలులో ఇంకొక మట్టం ఉంటే ఇరుసు మీద రెండు వేరువేరు బలాలు పడతాయి. పైగా ఆ అదనపు ఒత్తిడిని భరించేది ఎవరు? మళ్లీ ఆ సీలే. నూనె పోశాక పైపును పది పదిహేనుసార్లు మెల్లగా ఆడించి, బుడగలు పోయాకనే మట్టం చూడండి.

ఇక తిరిగి కట్టడం. రెండు పైపులనూ టీ పట్టీలలో పెట్టి కొంచెం బిగించిన తరువాత, వాటి మీద అడ్డంగా ఒక మందపాటి అద్దం ముక్కను ఆనించండి. అద్దం నాలుగు చోట్లా ఆని కదలకుండా ఉంటే పైపులు సమాంతరంగా ఉన్నట్టు. ఊగితే టీ మెలిపడినట్టు. ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో తగిలిన బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. టీ మెలిపడిన బండిలో బాటమ్ పైపును ఒక పక్కకు రాస్తూనే ఉంటుంది, సీల్ ఒక పక్కే అరుగుతుంది. అందుకే తీసిన పాత సీల్‌ను పారేయకుండా చూడమంటాను. పెదవి చుట్టూ సమంగా అరిగిందా, ఒక పక్కే అరిగిందా అన్నదానిలో ఫోర్కు చరిత్ర అంతా ఉంటుంది.

చక్రం ఎక్కించిన తరువాత చేయవలసిన ఒక చిన్న పని ఉంది. దీనిని చాలా దుకాణాల్లో చేయరు. ముందుగా ఇరుసు నట్టును బిగించండి. బాటమ్ దగ్గర ఇరుసును పట్టుకునే క్లాంపు బోల్టును మాత్రం వదులుగానే ఉంచండి. ఇప్పుడు బండిని స్టాండు దించి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ మీద బరువు వేసి ఐదారుసార్లు బలంగా నొక్కి వదలండి. ఆ కదలికలో వదులుగా ఉన్న కాలు ఇరుసు మీద తన సహజమైన చోటును తానే వెతుక్కుంటుంది. అప్పుడు క్లాంపు బిగించండి. ఈ పని చేయకపోతే రెండు కాళ్లూ ఒకదానినొకటి లాక్కుంటూ లేదా నెట్టుకుంటూ ఉంటాయి, ఫోర్కు బిగుసుగా కదులుతుంది, మనం నూనెను తిట్టుకుంటాం.

ఫోర్కు ఎలాగూ బయటికి వచ్చింది కాబట్టి కోన్ సెట్ కూడా విప్పి చూడండి. హ్యాండిల్ సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు గాడిలో పడినట్టు ఆగుతోందంటే బాల్స్ దారిలో గుంటలు పడినట్టే, సెట్ మార్చాలి. బాల్స్ మాత్రమే మార్చి పాత కప్పులు ఉంచడం పనికిరాదు.

ఇదంతా చేశాక సముద్రం మనల్ని విడిచిపెట్టదు కదా? కాబట్టి రోజువారీ శ్రద్ధ ఒకటి చెబుతాను. బీచ్ రోడ్డులో, రుషికొండ వైపు తిరిగి వచ్చిన రోజు మంచినీటి తడిగుడ్డతో పైపులను తుడవండి, తరువాత పొడిగుడ్డతో తుడిచి, ఫోర్క్ నూనె ఒక చుక్క వేసిన గుడ్డతో రాయండి. ఇనుము రంగు పోవడానికి ముందే ఉప్పు పోతుంది. పైపులను కప్పే రబ్బరు బూట్లు ఉన్న బండ్లయితే, అవి రాళ్ల నుంచి, గాలి నుంచి కాపాడతాయి కాబట్టి నేను వాటిని సమర్థిస్తాను. అయితే వాటిలో నీరు నిలిస్తే పైపు మూసిన చోట కుళ్లుతుంది. బూటు అడుగున నీరు పోయే రంధ్రం తెరిచి ఉందా అని చూడండి, వానాకాలంలో ఒకసారయినా పైకెత్తి లోపల తుడవండి. బండిని నెలల తరబడి నిలిపి ఉంచేవారు పైపు కనిపించే మేర అంతా పలుచగా గ్రీజు రాసి ఉంచండి, నడిపే ముందు పూర్తిగా తుడిచేయండి. ఆ గ్రీజు మీద పేరుకున్న ఇసుకతోనే నడిపితే సీల్‌కు ఉప్పు కంటే ఎక్కువ హాని.

చివరగా, వెనుక వరుసలోని మిత్రుడు ఇందాక ఒక ప్రశ్న అడిగారు. బుల్లెట్‌కూ ఆర్‌ఎక్స్‌కూ కొత్త పైపులు బజారులో దొరుకుతున్నాయి కదా, ఇంత కష్టపడి పాతదానికి క్రోమ్ చేయించడం దేనికి అని. మంచి ప్రశ్న. కొత్త పైపు కొనడంలో తప్పేమీ లేదు. కానీ కొత్తది నిటారుగా ఉంటుందని, సరైన వ్యాసంతో ఉంటుందని, దాని పూత తగినంత మందంగా ఉంటుందని ఎవరు చెప్పారు? కొత్తదానిని కూడా వీ బ్లాకుల మీద పెట్టండి, మైక్రోమీటరుతో కొలవండి, కొనల దగ్గర పూత లేచిందేమో చూడండి. అన్నీ సరిపోతే వాడండి. రాజ్‌దూత్ 350, పాత యెజ్డీ వంటి బండ్లకు మంచి కొత్త పైపు దొరకడం కష్టం, వాటికి అసలు పైపును కాపాడుకోవడమే దారి. ఏ బండి అయినా సరే, కొత్తది వేసినంత మాత్రాన పాత పైపును ఇనుప సామాన్ల వాడికి వేయకండి. టీ పట్టీల మధ్య ఉండే పై భాగాన్ని సీల్ ఎన్నడూ రాయలేదు కదా, అక్కడ తుప్పు లేని చోట ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు వ్యాసం ఇంకా అలాగే ఉంటుంది. కొత్త పైపునైనా, క్రోమ్ చేసి వచ్చిన పైపునైనా సరిచూసుకోవడానికి మైక్రోమీటరును ముందు అక్కడ పెట్టి కొలవండి.